మొరాయించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లను వెలికితీయడం ఎలా?

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసినప్పుడు, అందులోని సమాచారం చాలా సందర్భాల్లో ఇంకా లోపల తిరిగే ప్లాటర్ల (గుండ్రని పళ్లేల) మీదే ఉంటుంది. తెగిపోయింది అక్కడికి చేరే దారి. ఆ లోపం కేబుల్‌లో ఉండవచ్చు, పెట్టెలోని చిన్న సర్క్యూట్ బోర్డులో ఉండవచ్చు, ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉంచే పట్టికలో ఉండవచ్చు, లేదా ప్లాటర్‌ను చదివే హెడ్‌లోనే ఉండవచ్చు. మొదటి మూడింటిని ఓపిక ఉన్నవారు చాలావరకు సొంతంగా చక్కబెట్టుకోగలరు. నాలుగోది ల్యాబ్ పని. ఎక్కడ లోపమున్నా పాటించవలసిన సూత్రం ఒకటే: దెబ్బతిన్న డిస్క్‌ను వీలైనంత తక్కువసార్లు చదవాలి, చదివినదంతా మరో డిస్క్‌లోకి ప్రతిగా తీసుకోవాలి, వెలికితీత ప్రయత్నాలన్నీ ఆ ప్రతి మీదే చేయాలి.

ముందుగా చేయకూడని పనులు

డిస్క్ తగిలించగానే విండోస్ దాన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని అడిగితే, ఆ సందేశాన్ని రద్దు చేయండి. మ్యాక్‌లో ఇదే పరిస్థితిలో ‘ఇనిషియలైజ్’ అనే బటన్ కనిపిస్తుంది. దాని జోలికి పోకుండా ‘ఇగ్నోర్’ లేదా ‘ఎజెక్ట్’ నొక్కాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఫైల్ సిస్టమ్ (ఫైళ్ల చోటును నమోదు చేసే పట్టికల అమరిక) ఆనవాలు దొరకలేదని మాత్రమే ఈ సందేశానికి అర్థం, డిస్క్ ఖాళీ అయిందని కాదు. ఎవరైనా కంగారులో క్విక్ ఫార్మాట్ చేసి ఉన్నా ఆశ వదులుకోనక్కరలేదు, ఎందుకంటే అది పట్టికలను మాత్రమే కొత్తగా రాస్తుంది. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు: విండోస్ విస్టా నుంచి అది డిస్క్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది కాబట్టి, ఆ తరువాత వెతకడానికి ఏమీ మిగలదు.

విండోస్‌లో డిస్క్ తప్పులను సరిదిద్దే చెక్‌డిస్క్ నడపమనే సలహా దాదాపు ప్రతిచోటా వినిపిస్తుంది. నా అభిప్రాయంలో ఫైళ్లు పోయినప్పుడు ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. చెక్‌డిస్క్ ఉద్దేశం ఫైల్ సిస్టమ్‌ను తనలో తాను పొసిగేలా చేయడం. మీ ఫోటోలు బతకాలా వద్దా అన్నది దాని లెక్కలోకి రాదు. పట్టికలో పొసగని నమోదులను అది కత్తిరించి, మిగిలిన ముక్కలను ‘ఫౌండ్’ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్‌లో, అసలు పేర్లు లేకుండా పడేస్తుంది. డిస్క్ మీదే నేరుగా రాస్తుంది కాబట్టి ఆ మార్పులను వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండదు. పాడైన సెక్టార్లు (సమాచారం దాచే చిన్న గడులు) ఉన్న డిస్క్ మీద ఉపరితలం మొత్తాన్ని పరీక్షించే పద్ధతిలో దాన్ని నడిపితే, అసలే నీరసించిన హెడ్ గంటల తరబడి ఒకే చోట కొట్టుకుంటుంది. మ్యాక్‌లోని ‘ఫస్ట్ ఎయిడ్’ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇక రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం, వెలికితీసిన ఫైళ్లను తిరిగి అందులోనే దాచడం అన్నవి, వెతుకుతున్న వస్తువు మీదే కొత్త సరుకు పేర్చడం అవుతుంది.

శబ్దాన్ని వినడం

కంప్యూటర్ తెర వైపు చూసే ముందు డిస్క్ శబ్దాన్ని వినాలి. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ సన్నని, ఎడతెగని ఝుంకారంతో వేగమందుకుని, ఒకటి రెండు మెత్తని చిటుకులతో స్థిరపడుతుంది. అలా కాకుండా క్రమం తప్పని టక్ టక్ శబ్దం వస్తుంటే, హెడ్‌లు తమ స్థానాన్ని సూచించే గుర్తులను చదవలేక మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్తున్నాయని అర్థం. మోటారు తిరగకుండా సన్నని బీప్ లేదా గురగుర వినిపిస్తే హెడ్‌లు ప్లాటర్‌కు అతుక్కుని ఉండవచ్చు, లేదా మోటారే బిగుసుకుపోయి ఉండవచ్చు. గీరుతున్న శబ్దం అన్నిటికంటే ప్రమాదకరం. హెడ్‌కూ ప్లాటర్‌కూ మధ్య ఉండే ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. ఆ ఎడం పోయి హెడ్ ప్లాటర్‌ను తాకితే, సమాచారాన్ని మోసే అయస్కాంత పూత పొడిగా రాలిపోతుంది, అలా రాలినదాన్ని ఏ ల్యాబూ తిరిగి తేలేదు.

ఈ మూడు శబ్దాల్లో ఏది వినిపించినా వెంటనే విద్యుత్తు తీసేయాలి. డిస్క్ కిందపడినా, నీళ్లలో తడిసినా అసలు ఆన్ చేయకుండా ఉండడమే మేలు. తడిసిన డిస్క్‌కు వేడిగాలి పట్టించడం, ఎండలో పెట్టడం కూడా తగదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో కొన్ని గంటలు ఉంచితే డిస్క్ మళ్లీ పనిచేస్తుందన్న చిట్కా ఇప్పటికీ చక్కర్లు కొడుతోంది. చల్లబడిన డిస్క్‌ను బయటికి తీసినప్పుడు గాలిలోని తేమ దాని మీద, వీలైతే దాని లోపల కూడా, నీటి బిందువులుగా పేరుకుంటుంది. ఆ స్థితిలో దాన్ని తిప్పితే ఉన్న అవకాశం కూడా పోతుంది. మూత విప్పి చూడాలన్న కుతూహలానికీ ఇదే సమాధానం, ఎందుకంటే మామూలు గదిలోని ధూళి కణాలు ఆ నానోమీటర్ల ఎడానికి చాలా పెద్దవి.

కేబుల్, అడాప్టర్, పెట్టె

శబ్దం మామూలుగానే ఉంటే, లేదా అసలు ఏ శబ్దమూ లైటూ లేకుంటే, బయటి భాగాలను ఒక్కొక్కటిగా తప్పించి చూడాలి. మొదట కేబుల్ మార్చండి. పోర్టబుల్ డిస్క్‌లలో ఎక్కువగా కనిపించే వెడల్పాటి మైక్రో కనెక్టర్ కాలక్రమంలో వదులవుతుంది. తరువాత యూఎస్‌బీ హబ్‌ను తొలగించి, డిస్క్‌ను నేరుగా కంప్యూటర్ పోర్టుకు తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. తిరగడం మొదలుపెట్టేటప్పుడు మోటారు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది కాబట్టి, బలహీనమైన పోర్టులో 2.5 అంగుళాల డిస్క్ పదేపదే కనిపించి మాయమవుతూ ఉంటుంది. 3.5 అంగుళాల డిస్క్‌లకు సాధారణంగా 12 వోల్టుల ప్రత్యేక అడాప్టర్ ఉంటుంది. పిన్ను సరిపోయింది కదా అని ల్యాప్‌టాప్ అడాప్టర్‌ను దానికి గుచ్చితే బోర్డు కాలిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్, మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి, డిస్క్ సామర్థ్యం సరిగ్గా చూపిస్తోందో లేదో గమనించాలి. సామర్థ్యం సరిగ్గా ఉండి పార్టిషన్ (డిస్క్‌లోని విభాగం) పక్కన ‘రా’ అని కనిపిస్తే, లోపం ఫైల్ సిస్టమ్‌లోనో, దానికి ఆధారమైన కొన్ని సెక్టార్లలోనో ఉంది. సొంతంగా ప్రయత్నించదగిన స్థితి ఇది. సామర్థ్యం సున్నాగానో, పొంతనలేని అంకెగానో కనిపిస్తే, పెట్టెలోని బోర్డు పలుకుతోంది గాని దాని వెనకనున్న డిస్క్ పలకడం లేదు.

పెట్టె విప్పి డిస్క్‌ను నేరుగా కంప్యూటర్ లోపలి సాటా పోర్టుకు గాని, మరో డాక్‌కు గాని కలపడం మంచి పరీక్షే అయినా, అందులో కొన్ని మెలికలున్నాయి. చాలా పోర్టబుల్ డిస్క్‌లలో యూఎస్‌బీ కనెక్టర్ డిస్క్ సొంత బోర్డు మీదే ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. వెస్టర్న్ డిజిటల్ వారి మై పాస్‌పోర్ట్ వంటి కొన్ని శ్రేణుల్లో, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, సమాచారం బోర్డులోని చిప్ ద్వారా ఎన్‌క్రిప్ట్ అయ్యాకే (రహస్య సంకేతంగా మారాకే) డిస్క్ మీదికి చేరుతుంది. అలాంటి డిస్క్‌ను ఆ చిప్ లేకుండా చదివితే అర్థంలేని బైట్లు తప్ప ఏమీ కనిపించవు. అందుకే పాడైందనుకున్న పాత బోర్డును ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకూడదు. ఇంకొన్ని పెట్టెలు 512 బైట్ల సెక్టార్లను బయటికి 4096 బైట్ల సెక్టార్లుగా చూపిస్తాయి. అలాంటి పెట్టె నుంచి తీసి నేరుగా కలిపిన డిస్క్‌లో పార్టిషన్ పట్టిక లెక్క తప్పి, అంతా ఖాళీగా కనిపిస్తుంది. అది చూసి కొత్త పార్టిషన్ సృష్టించకూడదు. అదే మోడల్ డిస్క్ మరొకటి కొని దాని బోర్డు మార్చడం ఒకప్పుడు పనిచేసేది. ఇప్పటి డిస్క్‌లలో ప్రతి డిస్క్‌కూ ప్రత్యేకమైన సర్దుబాటు విలువలు బోర్డు మీది శాశ్వత మెమరీ చిప్‌లో ఉంటాయి కాబట్టి, ఆ చిప్‌ను కూడా మార్చి అతకనిదే ప్రయోజనం ఉండదు.

ప్రతి తీయడం

ప్రతి తీసే ముందు, వీలైతే డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకునే స్మార్ట్ విలువలను ఒకసారి చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ వీటిని చూపిస్తాయి. 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు ముఖ్యం: మార్చివేసిన సెక్టార్లు, చదవలేక పెండింగ్‌లో పెట్టినవి, ఇక చదవడం సాధ్యంకానివి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఈ అంకెలను మొదట్లో హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది కాబట్టి 10 అని కనిపిస్తే అది 16 అని గుర్తుంచుకోవాలి. సీ5 సున్నా కాకపోతే, డిస్క్‌కు ఎక్కువ సమయం లేదనుకునే పని మొదలుపెట్టాలి.

డిస్క్ ఇంకా తెరుచుకుంటూ, మీకు నిజంగా కావలసింది కొద్ది గిగాబైట్ల ఫోల్డర్ ఒక్కటే అయితే, ముందు దాన్ని కాపీ చేసుకుని ఆ తరువాతే మిగతా సంగతి చూడడం తెలివైన పని. అప్పుడు కూడా ఫోల్డర్‌ను పెద్ద చిత్రాల రూపంలో తెరవకండి. ప్రతి ఫోటోకూ చిన్న బొమ్మ తయారుచేయడానికి సిస్టమ్ ఆ ఫైళ్లన్నిటినీ చదువుతుంది, ఆ శ్రమంతా వృథా.

పూర్తి ప్రతికి అందరూ నమ్మే పనిముట్టు గ్నూ డీడీరెస్క్యూ. ఇది ఉచితం, లినక్స్‌లో నడుస్తుంది. లినక్స్ అలవాటు లేనివారు ఒక పెన్‌డ్రైవ్‌లో లైవ్ సిస్టమ్ తయారుచేసుకుని దాని నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయవచ్చు. తగిలించిన ప్రతి డిస్క్‌నూ తెరవాలని విండోస్ పట్టుబట్టి, తెరుచుకోకపోతే మళ్లీ మళ్లీ చదువుతుంది; లినక్స్‌లో ఆటోమౌంట్‌ను (డిస్క్‌ను దానంతటదే తెరవడాన్ని) ఆపేస్తే డిస్క్‌ను ఎవరూ ముట్టుకోరు. డెబియన్, ఉబుంటులలో ఈ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ అని, కమాండ్ పేరు మాత్రం మొదటి జీ లేకుండా ఉంటుంది. దాదాపు ఇదే పేరుతో, మధ్యలో అండర్‌స్కోర్ ఉన్న మరో ప్రోగ్రామ్ ఉంది, అది వేరు.

డీడీరెస్క్యూ గొప్పతనం అది చదివే వరుసలో ఉంది. మామూలు కాపీ మొదటి చెడ్డ సెక్టార్ దగ్గరే కూలబడుతుంది. డీడీరెస్క్యూ అయితే చెడ్డ చోటు తగలగానే దాన్ని దాటి ముందుకు దూకి, తేలిగ్గా వచ్చే భాగాలన్నిటినీ మొదట ఒడిసిపట్టి, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఏ భాగం వచ్చిందో ఏది రాలేదో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆపినా, కరెంటు పోయినా, ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఆ మ్యాప్ ఫైలును లైవ్ సిస్టమ్ డెస్క్‌టాప్ మీద దాచకండి. అది ర్యామ్‌లోనే ఉండి రీస్టార్ట్‌తో మాయమవుతుంది. ఇమేజ్ ఫైలు (డిస్క్ మొత్తానికి తీసిన ప్రతి) దాచే డిస్క్‌లోనే దాన్నీ ఉంచాలి.

కమాండ్‌లో మొదట మూలం, తరువాత గమ్యం, చివర మ్యాప్ ఫైలు వస్తాయి. మూలాన్నీ గమ్యాన్నీ తారుమారు చేస్తే పాడైన డిస్క్ మీద ఖాళీ డిస్క్ రాయబడుతుంది. అందుకే డిస్క్‌ల జాబితాలో సామర్థ్యాన్నీ, మోడల్‌నూ, సీరియల్ నంబరునూ పెట్టె మీది చీటీతో పోల్చుకున్నాకే ఎంటర్ నొక్కాలి. మొదటి విడతలో చిన్న అక్షరం ‘ఎన్’ ఆప్షన్ ఇస్తే మొండి సెక్టార్లను గీకకుండా వదిలేస్తుంది. చిన్న అక్షరం ‘డి’ ఇస్తే సిస్టమ్ కాష్‌ను పక్కనపెట్టి డిస్క్‌ను నేరుగా చదువుతుంది. అది ముగిశాక, అదే మ్యాప్ ఫైలుతో, ‘ఎన్’ తీసేసి, చిన్న అక్షరం ‘ఆర్’ పక్కన 3 అని ఇస్తే, మిగిలిన చోట్లను మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. పెద్ద అక్షరం ‘ఆర్’ వెనక నుంచి ముందుకు చదివిస్తుంది. ముందు వైపు నుంచి లొంగని ప్రాంతాలు కొన్నిసార్లు వెనక నుంచి లొంగుతాయి.

గమ్యంలో ఉండవలసిన ఖాళీ, మూలంలోని ఫైళ్ల పరిమాణం కాదు, మూలం మొత్తం సామర్థ్యం: 2 టెరాబైట్ల డిస్క్‌లో 300 గిగాబైట్లే వాడి ఉన్నా ఇమేజ్‌కు 2 టెరాబైట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. గమ్యం ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉండకూడదు, అందులో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటదు. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 1 టెరాబైట్‌కు దాదాపు మూడు గంటలు పడుతుంది. జబ్బుపడిన డిస్క్‌కు రోజులు పట్టవచ్చు. ఆ సమయంలో డిస్క్‌ను కదలని, గాలి ఆడే చోట ఉంచాలి. వేగం కిలోబైట్లకు పడిపోయి, డిస్క్ మాటిమాటికీ మాయమవుతూ, కొత్త శబ్దాలు మొదలైతే పట్టుదలకు పోకుండా ఆపేయాలి.

ప్రతి నుంచి ఫైళ్లను తీయడం

ఇక నుంచి అసలు డిస్క్ పక్కన పెట్టేయవచ్చు. ఇమేజ్‌ను మొదట రాయడానికి వీల్లేని పద్ధతిలో మౌంట్ చేసి చూడండి; ఒక్కోసారి మరే శ్రమ లేకుండా ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ వంతు. పోయిన పార్టిషన్లను వెతకడం, బూట్ సెక్టార్‌ను దాని నకలు నుంచి పునరుద్ధరించడం దీని పని. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఆ నకలు పార్టిషన్ చివరి సెక్టార్‌లో ఉంటుంది. పార్టిషన్ దొరికాక ‘పీ’ నొక్కితే ఫైళ్ల జాబితా, ‘సీ’ నొక్కితే కాపీ. పట్టికను తిరిగి రాయమనే ఆదేశం అవసరం తరచుగా ఉండనే ఉండదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉన్న డిస్క్ ఎజెక్ట్ చేయకుండా లాగేయడం వల్ల పాడైతే పని కొంచెం కష్టమవుతుంది, ఎందుకంటే దానిలో జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) లేదు, సాధారణంగా ఫ్యాట్ పట్టిక కూడా ఒకటే ఉంటుంది. అటువంటప్పుడు డీఎండీఈ, ఆర్-స్టూడియో, యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్ వంటి ప్రోగ్రామ్‌లు ఇమేజ్ మొత్తాన్ని జల్లెడపట్టి ఫోల్డర్ల నిర్మాణాన్ని తిరిగి కట్టగలవు. డబ్బు కట్టే ముందు ఉచిత వెర్షన్‌లో మీ ఫైలు తెరుచుకుని కనిపిస్తోందో లేదో చూసుకోండి. జాబితాలో పేరు కనిపించడం ఫైలు బాగుందనడానికి సాక్ష్యం కాదు.

ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌ను చివరి ఆయుధంగా వాడాలి. అది ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోకుండా, ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి ముక్కలను ఏరుతుంది. పేర్లు, ఫోల్డర్లు పోయి, అంకెల పేర్లతో వేలాది ఫైళ్లు వచ్చిపడతాయి. ఒకేచోట వరుసగా ఉన్న ఫోటోలు బాగానే వస్తాయి. డిస్క్ అంతటా చెదిరి ఉన్న పెద్ద వీడియోలు, మెయిల్ ఫైళ్లు విరిగి వస్తాయి. ఫోటోల్లో దాగిన తేదీ వివరాలను బట్టి వాటికి తిరిగి పేర్లు పెట్టడానికి ఎగ్జిఫ్‌టూల్ ఉపయోగపడుతుంది.

డిస్క్ విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ సదుపాయం బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేదా పాస్‌వర్డ్ లేనిదే ఏ పనిముట్టూ పనికిరాదు. కీ ఉండి తాళం తెరుచుకోకపోతే విండోస్‌లోనే ఉన్న రిపేర్-బీడీఈ అనే కమాండ్ ఉంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ నుంచి పొరపాటున తుడిచేసిన ఫైళ్లకూ ప్రతి తీసి దాని నుంచి వెలికితీసే పద్ధతే వర్తిస్తుంది. అయితే ఎస్ఎస్‌డీలలోనూ, కొన్ని షింగిల్డ్ (ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత కప్పుకునే) హార్డ్ డిస్క్‌లలోనూ, తుడిచిన చోటు ఇక అక్కరలేదని చెప్పే ట్రిమ్ అనే ఆదేశం వెళ్లిపోతే, తుడిచిన చోట సున్నాలే కనిపిస్తాయి.

వచ్చిన ఫైళ్లను నమ్మే ముందు తెరిచి చూడాలి. చదవలేకపోయిన సెక్టార్ల స్థానంలో ఇమేజ్‌లో సున్నాలుంటాయి, కాబట్టి పరిమాణం సరిపోయిన ఫైలు లోపల బోలుగా ఉండవచ్చు. వేలాది ఫైళ్లను చేత్తో పరీక్షించనక్కరలేకుండా డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అనే సదుపాయం ఉంది: ఇమేజ్‌కు మరో నకలు తీసి, అందులోని చెడ్డ చోట్లను మీరు ఎంచుకున్న ఒక అరుదైన పదంతో నింపి, ఆ పదం ఏ ఫైళ్లలో ఉందో వెతికితే, దెబ్బతిన్న ఫైళ్ల జాబితా కచ్చితంగా చేతికొస్తుంది.

ల్యాబ్‌కు పంపవలసి వస్తే

హెడ్‌లు మార్చడానికి అదే మోడల్‌కు చెందిన, వివరాలు చాలావరకు కలిసే మరో డిస్క్ నుంచి భాగాలు తీసుకుని, ధూళి లేకుండా వడకట్టిన గాలిలో పనిచేయవలసి ఉంటుంది, ఖర్చంతా అక్కడే. పంపే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: పరీక్షకు రుసుము ఎంత, ఫైళ్లు రాకపోతే ఏం చెల్లించాలి, డిస్క్ తెరిచే ముందు మీ అనుమతి తీసుకుంటారా, చెల్లింపుకు ముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తారా, పని అయ్యాక తమ దగ్గరి నకలును ఎప్పుడు తుడిచేస్తారు. డిస్క్‌కు ఏం జరిగిందో, మీరు ఏమేం ప్రయత్నించారో దాచకుండా రాసి ఇవ్వండి. డీడీరెస్క్యూ మ్యాప్ ఫైలు ఉంటే అదీ జత చేయండి. అసలు పెట్టె, బోర్డు, పాస్‌వర్డ్ కూడా వారికి అవసరమవుతాయి.

ఫైళ్లు వచ్చి, సరిచూసుకుని, రెండు చోట్ల దాచుకునేదాకా పాత డిస్క్‌నూ ఇమేజ్‌నూ ఉంచుకోండి. ఆ తరువాత కూడా ఆ డిస్క్‌ను అలాగే చెత్తలో వేయకూడదు. సరిగ్గా రాయలేని డిస్క్‌ను సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడవడం సాధ్యం కాదు, మీరు చదవలేకపోయినదాన్ని మరొకరు ల్యాబ్‌లో చదవగలరు. వ్యక్తిగత సమాచారం ఉన్నట్లయితే ప్లాటర్లను భౌతికంగా ధ్వంసం చేయించాకే ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణకు ఇవ్వాలి.